కలరా ఉండలు వేస్తే కారు మైలేజీ పెరుగుతుందా?

ప్రశ్న: కోహెడలో కిరాయి కారు నడుపుతాను. ట్యాంకులో నాలుగైదు కలరా ఉండలు వేస్తే లీటరుకు రెండు కిలోమీటర్లు ఎక్కువ వస్తోందని తోటి డ్రైవర్లు అంటున్నారు. ఒకరు కర్పూరం అంటారు, ఇంకొకరు థిన్నర్ అంటారు. ఇందులో నిజమెంత? నేనే తేల్చుకోవాలంటే ఎలా?

ముందు పొట్టి జవాబు చెప్పుకుందాం. మైలేజీ పెరగదు, ఇంజను చెడే ప్రమాదం మాత్రం ఉంది. అయితే "పెరిగింది" అంటున్నవాళ్లందరూ అబద్ధం చెబుతున్నారని కాదు. వాళ్లు చూసిన అంకె నిజమే కావచ్చు. ఏమీ కలపకపోయినా ఆ అంకె ట్యాంకు ట్యాంకుకూ ఎంత ఊగుతుందో వాళ్లు ముందుగా చూసుకోలేదు, తేడా అక్కడుంది. ఆ ఊగు ఎంతో తెలియకుండా ఏ మందునూ మెచ్చుకోలేం, తిట్టలేం. ఇక వివరంగా ఒక్కొక్కటీ చూద్దాం.

ఈ చిట్కాలు ఇప్పుడే ఎందుకు ఎక్కువయ్యాయి?

పెట్రోలు వంద రూపాయలు దాటడం ఒక కారణం. ఇథనాల్ రెండో కారణం. మన దేశంలో పెట్రోలులో సగటున పది శాతం ఇథనాల్ కలిపే లక్ష్యం 2022 జూన్‌లో నెరవేరింది. ఇరవై శాతం కలిపిన ఈ20 పెట్రోలును 2023 ఫిబ్రవరిలో విడుదల చేశారు. 2025కల్లా అది దేశమంతటా మామూలు పెట్రోలు అయిపోయింది.

ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు 32 మెగాజౌళ్ల శక్తి వస్తుంది. అదే లీటరు ఇథనాల్ నుంచి సుమారు 21 మాత్రమే వస్తుంది, అంటే దాదాపు మూడింట రెండు వంతులు. కాబట్టి ట్యాంకులో ఐదో వంతు ఇథనాల్ ఉంటే మొత్తం శక్తి నూటికి ఆరేడు వంతులు తగ్గుతుంది. 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన నివేదిక కూడా, ఇథనాల్ లేని పెట్రోలు కోసం తయారై పది శాతం ఇథనాల్‌కు సర్దిన కార్లలో ఈ20 వాడితే మైలేజీ ఆరేడు శాతం పడిపోవచ్చని అంచనా వేసింది. లీటరుకు 18 ఇచ్చిన కారు 17కు దిగినట్టు. పోయిన ఆ కిలోమీటరును ఎలాగైనా వెనక్కి తెచ్చుకోవాలన్న ఆరాటంలోంచే ఈ సీసాలూ ఉండలూ బయటికొస్తున్నాయి. ఆరాటం న్యాయమైనదే. పోయింది శక్తి అని గుర్తుంటే చాలు, ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

ట్యాంకులో వేసిన ఉండ ఎంత శక్తి ఇస్తుంది?

కలరా ఉండ అసలు సిసలు నాఫ్తలీన్ అయితే అదీ ఇంధనమే, బొగ్గు తారులోంచి తీసేది. కిలో కాలిస్తే సుమారు 40 మెగాజౌళ్లు ఇస్తుంది. ఒక్కో ఉండ నాలుగు గ్రాములు అనుకుందాం. నాలుగైదు ఎందుకు, పది వేశామనుకోండి. మొత్తం 40 గ్రాములు, అంటే 1.6 మెగాజౌళ్లు. నలభై లీటర్ల ట్యాంకు నిండా పెట్రోలుంటే అందులో దాదాపు 1,280 మెగాజౌళ్లు ఉంటాయి. ఉండలు కలిపిన వాటా వెయ్యికి ఒకటింపావు. లీటరుకు 16 ఇచ్చే కారు నిండు ట్యాంకుతో 640 కిలోమీటర్లు పోతుంది కదా. పది ఉండల బలంతో అది ఇంకా ముప్పావు కిలోమీటరు దాకా పోతుంది. ట్యాంకు మొత్తానికి వచ్చే లాభం ఇంతే.

ఎసిటోన్ లెక్కా ఇలాంటిదే. గోళ్ల రంగు తుడిచే ద్రవంలో, కొన్ని థిన్నర్లలో ఉండేది ఇదే. లీటరు ఎసిటోన్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానికి సుమారు డెబ్బై శాతం. వంద మిల్లీలీటర్ల ఎసిటోన్ కలిపితే డెబ్బై మిల్లీలీటర్ల పెట్రోలు పోసినట్టు.

ఎదురు లెక్క కూడా వేసి చూడండి. మైలేజీ పది శాతం పెరగాలంటే ఆ ట్యాంకుకు అదనంగా నాలుగు లీటర్ల పెట్రోలులో ఉన్నంత శక్తి ఎక్కడినుంచో రావాలి. ఉండల్లో అది లేదు. ఇక మిగిలింది ఒక్క దారి, ఇంజను ఇప్పుడు వృథా చేస్తున్నదాన్ని ఆదా చేయడం.

"పెట్రోలు పూర్తిగా కాలుతుంది" అంటారు, అది నిజమేనా?

చిట్కా చెప్పేవాళ్లు ఎక్కువగా పట్టుకునేది ఈ మాటనే. ఇంజన్లో సగం పెట్రోలు కాలకుండా పొగలో పోతోందని, మందు వేస్తే అదీ కాలుతుందని చెబుతారు. సరిగ్గా పనిచేసే పెట్రోలు ఇంజన్లో ఇంధన శక్తి నూటికి 95 నుంచి 98 వంతులు సిలిండర్లోనే విడుదలవుతుంది. మిగిలిన కొద్దిపాటిని పొగగొట్టంలోని కేటలిటిక్ కన్వర్టర్ కాలుస్తుంది. అంటే "పూర్తిగా కాల్చే" మందు దేవుడే ఇచ్చినా, అది తెచ్చే లాభం రెండు మూడు శాతం దగ్గర ఆగిపోతుంది.

మరి అంత బాగా కాలిన శక్తి ఎక్కడికి పోతోంది? సుమారు మూడో వంతు వేడి పొగతో పోతుంది, ఇంకో మూడో వంతు రేడియేటర్‌లోకీ ఇంజను ఒంటి వేడిలోకీ పోతుంది. చక్రాలను తిప్పే పనికి మిగిలేది పావు నుంచి మూడో వంతు. ఈ నష్టం కాలడంలో లేదు, వేడిని కదలికగా మార్చడంలో ఉంది. దాన్ని తగ్గించాలంటే ఇంజను డిజైను మార్చాలి. ట్యాంకులో వేసిన పొడికి అక్కడ చేయడానికి పనేమీ లేదు.

ఇంకో సంగతి. ఇప్పటి కార్లలో పొగగొట్టం మీద ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. 1976లో వోల్వో కార్లలో మొదలైన ఈ పరికరం పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో క్షణక్షణం చూసి కంప్యూటర్‌కు చెబుతుంది. మామూలు పెట్రోలు అయితే ఒక పాలుకు గాలి 14.7 పాళ్లు ఉండాలన్నది దాని లెక్క. మీరు కలిపిన పదార్థంలో ఆక్సిజన్ ఉంటే, పెట్రోలు తక్కువైందనుకుని కంప్యూటర్ ఇంజెక్టర్‌ను ఇంకాస్త సేపు తెరిచి ఉంచుతుంది. అంటే పెట్రోలు ఇంకొంచెం ఎక్కువే పోస్తుంది.

అయితే చిటికెడు మందు దేనికీ పనిచేయదా?

పనిచేస్తుంది. ఇంత చిన్న మోతాదుకు శక్తే ఉండదని కొట్టిపారేస్తే తప్పవుతుంది, ఎందుకంటే పెట్రోలు చరిత్రలో అలాంటి మందు నిజంగానే ఉంది. 1916లో అమెరికాలో ఛార్లెస్ కెటరింగ్ దగ్గర పనిచేస్తున్న థామస్ మిడ్జ్‌లీ అనే ఇంజనీరు, ఇంజన్లో వచ్చే "టక్ టక్" మోతను ఆపే దారి వెతుకుతున్నాడు. దాన్నే నాకింగ్ అంటాం. ఇంధనానికి ఎర్రరంగు ఉంటే వేడిని బాగా పీల్చుకుని సాఫీగా కాలుతుందేమో అన్న ఊహ వచ్చింది. ఎర్రరంగు దొరక్కపోతే చేతికందిన అయోడిన్ కలిపాడు. మోత తగ్గింది!

మన చిట్కాల్లో చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి, "వేశాం, తగ్గింది" అంతే. మిడ్జ్‌లీ బృందం ఆగలేదు. నిజంగా రంగు వల్లే తగ్గిందా అని ఎర్రరంగులు తెచ్చి కలిపి చూశారు. ఫలితం లేదు. తర్వాత రంగులేని అయోడిన్ సమ్మేళనం కలిపి చూశారు. మోత తగ్గింది. ఊహ తప్పు, అయోడిన్ గుణం ఒప్పు అని అలా తేలింది. కొన్నేళ్లపాటు ఎన్నో పదార్థాలను ఇలాగే పరీక్షించి, 1921 డిసెంబరులో టెట్రాఇథైల్ లెడ్ అనే సీసం సమ్మేళనం దగ్గరికి చేరారు. గ్యాలను పెట్రోలుకు మూడు మిల్లీలీటర్ల లోపే సరిపోయేది.

ఆ మూడు మిల్లీలీటర్లు పెట్రోలులో శక్తిని పెంచలేదు. పెట్రోలు తనంతట తాను ముందుగా పేలిపోకుండా ఆపాయి, అంతే. దాన్ని ఆసరా చేసుకుని ఇంజనీర్లు ఎక్కువ కంప్రెషన్ ఉన్న ఇంజన్లు కట్టారు, లాభం వాటిలోంచి వచ్చింది. పాత ఇంజన్లో ఆ మందు ఊరికే పోసుకున్నవాడికి మైలేజీలో మిగిలింది పెద్దగా ఏమీ లేదు. దానికి బదులుగా ప్రపంచం ఊపిరితిత్తుల్లోకి సీసం పీల్చుకుంది. మన దేశంలో సీసం పెట్రోలు అమ్మకం 2000లో ఆగింది. అన్ని దేశాల కన్నా చివరగా అల్జీరియాలో 2021లో ఆగింది. మందు పనిచేయడం ఒక ప్రశ్న, ఏ పని చేస్తోంది అన్నది ఇంకో ప్రశ్న, ఏ ధరకు అన్నది మూడో ప్రశ్న. మూడూ అడగాలి.

మరి వేసినవాళ్లకు మైలేజీ పెరిగినట్టు ఎందుకు కనిపిస్తుంది?

దీనికి చాలా కారణాలున్నాయి. అన్నీ నిజాయితీగానే మోసం చేసేవి.

మొదటిది నింపడంలో తేడా. బంకులో పెట్రోలు పోసే తుపాకీ "టక్"మని ఆగిన చోటును ఫుల్ ట్యాంకు అంటాం. కారు కొంచెం వాలుగా నిలబడ్డా, పెట్రోలు వేగంగా పడి నురగ వచ్చినా అది అర లీటరు ముందో వెనకో ఆగుతుంది. 450 కిలోమీటర్లకు 30 లీటర్లు పట్టిందనుకుంటే మైలేజీ 15. ముందే ఆగి 29.5 పడితే 15.25 అవుతుంది. ఇంకోసారి 30.5 పడితే 14.75. అదే కారు, అదే రోడ్డు, అయినా మూడు శాతానికి పైగా తేడా. ఇక ఐదొందలు పోయించి, ముల్లు చూసి మైలేజీ కట్టేవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఐదొందలకు వచ్చేది ఐదు లీటర్ల లోపు, అందులో అర లీటరు పొరపాటు అంటే పది శాతానికి పైగా తేడా. ఆ లెక్కతో ఏ మందునైనా గెలిపించవచ్చు, ఓడించవచ్చు.

రెండోది రోడ్డు. కోహెడ నుంచి హుస్నాబాద్ పోయినా, బస్వాపూర్ మీదుగా సిద్దిపేట పోయినా, శనిగరం దగ్గర రాజీవ్ రహదారి ఎక్కి కరీంనగర్ పోయినా ప్రయాణం ఒకేలా ఉండదు. కోతల కాలంలో రోడ్డు సగం మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, రెండో గేరులో పోవాలి. వానాకాలంలో మోయతుమ్మెద వాగు పొంగితే చుట్టు తిరిగి రావాలి. పెళ్లిళ్ల రోజుల్లో కారు నిండా మనుషులు, పైన సామాను, లోపల ఏసీ. ఒక వారం ఖాళీ రహదారి మీద, ఇంకో వారం ఊళ్ల మధ్య తిరిగితే మైలేజీలో వచ్చే తేడా ముందు మందు తెచ్చే తేడా కనిపించనే కనిపించదు.

మూడోది కాలు. మందు వేసిన రోజు నుంచి డ్రైవరు రీడింగు మీదే కన్నేసి ఉంటాడు. తెలియకుండానే యాక్సిలరేటర్ మెత్తగా తొక్కుతాడు, బ్రేకు తక్కువ వేస్తాడు. మైలేజీ నిజంగానే పెరుగుతుంది. కానీ దాన్ని పెంచింది అతని పాదం, పేరు మాత్రం ఉండలకు పోతుంది.

నాలుగోది టైర్లు. అరిగిన టైరు చుట్టుకొలత తక్కువ, అదే దూరానికి ఎక్కువసార్లు తిరుగుతుంది, కాబట్టి మీటరు ఎక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది. కొత్త టైరుకూ బాగా అరిగిన టైరుకూ మధ్య ఈ తేడా రెండు శాతం దాకా ఉంటుంది.

ఐదోది అన్నిటికన్నా పెద్దది, ఎవరికీ తట్టనిది. మందు ఎప్పుడు వేస్తారు? మైలేజీ బాగా పడిపోయిన వారం వేస్తారు. జ్వరం ముదిరిన రాత్రి తాయెత్తు కడితే పొద్దున్నకు దిగుతుంది. కట్టకపోయినా దిగేదే, ఎందుకంటే ముదిరిన తర్వాత దిగడం దాని వరస. బాగా పడిపోయిన ట్యాంకు తర్వాత వచ్చే ట్యాంకు చాలాసార్లు మామూలు స్థాయికి తిరిగి వస్తుంది. మధ్యలో మనం వేసిన ఉండలకు ఆ పేరు దక్కుతుంది.

అయితే నిజంగా తేల్చుకోవాలంటే ఎలా?

మందు కొనే ముందు ఒక పుస్తకం కొనండి. ఏమీ కలపకుండా కనీసం ఆరు ట్యాంకుల లెక్క రాయండి. ఎప్పుడూ ఒకే బంకు, వీలైతే ఒకే పంపు, కారు ఒకే చోట ఒకే వైపు తిరిగి నిలబడాలి. తుపాకీ మొదటిసారి ఆగగానే ఆపేయాలి, రూపాయలు సరిచేయడానికి పైన పోయించకూడదు. ట్యాంకు పావు వంతుకు వచ్చాకే మళ్లీ నింపాలి. తేదీ, మీటరు రీడింగు, లీటర్లు, ఏ రోడ్డు, ఏసీ ఉందా లేదా, టైర్లలో గాలి ఎంత, ఇవన్నీ అదే పేజీలో ఉండాలి.

ఇలా రాస్తే ఆరు ట్యాంకులకు 16.1, 15.4, 16.6, 15.8, 16.4, 15.7 వచ్చాయనుకుందాం. సగటు 16. కానీ చూడండి, ఏమీ కలపకుండానే 15.4 నుంచి 16.6 దాకా ఊగింది. ఇప్పుడు ఎవరైనా "మందు వేశాను, 16.5 వచ్చింది" అంటే మీ పుస్తకం నవ్వుతుంది. ఇంత ఊగు ఉన్న కారులో ఆరు ట్యాంకులు మందుతో, ఆరు మందు లేకుండా నడిపి సగటులు పోల్చినా, తేడా అర కిలోమీటరు దాటితేనే దాన్ని పట్టించుకోవాలి. అంతకన్నా తక్కువైతే అది ఊగులో కలిసిపోయినట్టే.

రెండో మెట్టు వరస. ఆరు మామూలు ట్యాంకులు ఎండాకాలంలో, ఆరు మందు ట్యాంకులు చలికాలంలో నడిపితే మీరు పోల్చింది రెండు కాలాలను. అందుకే మామూలు, మందు, మందు, మామూలు అన్న వరసలో మార్చి మార్చి నడపాలి. మార్చిన ప్రతిసారీ మధ్యలో ఒక ట్యాంకును లెక్కలోంచి తీసేయాలి. అడుగున మిగిలిన పాత పెట్రోలు పోవాలి, ఇంజను కంప్యూటర్ కొత్త ఇంధనానికి సర్దుకోవాలి. చివర్లో మైలేజీలను కలిపి భాగించకండి. మొత్తం కిలోమీటర్లను మొత్తం లీటర్లతో భాగిస్తే నింపడంలోని పొరపాట్లు చాలావరకు ఒకదానికొకటి చెల్లిపోతాయి.

మూడో మెట్టు గుట్టు. నడిపేవాడికి మందు వేసిందీ లేనిదీ తెలియకూడదు. ట్యాంకు నింపాక డ్రైవరు పక్కకు వెళ్లాలి. తమ్ముడో, దోస్తో చీటీ తీసి, వరస మామూలుతో మొదలో మందుతో మొదలో తేల్చుకుని, ఆ ప్రకారం వేయాలి లేదా మానాలి. ఏం చేశాడో ఇంకో పుస్తకంలో రాసి దాచాలి. పరీక్ష మొత్తం అయ్యాకే రెండు పుస్తకాలూ పక్కపక్కన తెరవాలి. డ్రైవరు కాలు చేసే మాయను ఆపడానికి దీన్ని మించిన ఉపాయం లేదు.

నాలుగో మెట్టు పద్ధతికే పరీక్ష పెట్టడం. మీ లెక్క నిజమైన తేడాను పట్టుకోగలదో లేదో ముందు చూసుకోవాలి. దానికి ఏ రసాయనమూ అక్కర్లేదు. ఒక ట్యాంకు రహదారి మీద 60 వేగంతో, ఇంకో ట్యాంకు 90తో నడపండి. గాలి అడ్డుకునే బలం వేగం వర్గంతో పెరుగుతుంది, 60 నుంచి 90కి పోతే అది రెండింపావు రెట్లు అవుతుంది. ఆ తేడా మీ పుస్తకంలో కొట్టొచ్చినట్టు కనపడాలి. కనపడకపోతే రాయడంలోనే ఎక్కడో తప్పుంది, ముందు దాన్ని సరిచేసుకోవాలి.

ఈ పద్ధతికీ హద్దుంది. నాలుగు టైర్లలో గాలి ఎనిమిది పీఎస్ఐ తగ్గితే మైలేజీ దాదాపు ఒకటిన్నర శాతం పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. అది నిజమైన తేడానే, కానీ మన ట్యాంకు లెక్కకు అందదు. అంత చిన్న తేడాను పట్టాలంటే పుణెలోని ఏఆర్ఏఐ లాంటి ప్రయోగశాల కావాలి. అక్కడ కారును రోలర్ల మీద నిలబెట్టి, నిర్ణయించిన వేగాల వరస ప్రకారం నడిపి, పొగలోని కార్బన్‌ను కొలిచి ఎంత ఇంధనం కాలిందో చెబుతారు. అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటి పద్ధతులతోనే నూటికి పైగా "మైలేజీ పెంచే" పరికరాలను, మందులను పరిశీలించింది. వాటిలో చెప్పుకోదగ్గ లాభం ఇచ్చింది ఏదీ తేలలేదు.

పెద్ద పెద్ద చదువులవాళ్ల ముందే చేసి చూపించిన వాళ్లున్నారు కదా?

ఉన్నారు. తమిళనాడులోని రాజపాళయం దగ్గర్లోని పల్లెకు చెందిన రామర్ పిళ్లై 1996లో మూలికలతో పెట్రోలు చేస్తానని దేశాన్ని ఊపేశాడు. ఆకులు, నీళ్లు, ఉప్పు, నిమ్మరసం వేసి మరగబెట్టి కలిపితే పైన ఇంధనం తేలేది. ఢిల్లీ ఐఐటీలో ప్రదర్శన కూడా జరిగింది. తర్వాత మద్రాసు ఐఐటీలో దగ్గరి నుంచి చూసినప్పుడు, కలిపే కర్ర బోలుదని, అందులో ముందే ఇంధనం నింపి మైనంతో మూసి ఉందని బయటపడింది. ఆ పేరుతో అమ్మిన "మూలికా ఇంధనం"లో టోలుయీన్, నాఫ్తా లాంటి పెట్రోలియం సరుకులే ఉన్నాయని సీబీఐ కేసు పెట్టింది. 2016లో చెన్నై కోర్టు అతనికి మూడేళ్ల జైలు శిక్ష వేసింది.

ప్రదర్శనలో కర్ర చేసేవాడి చేతిలో ఉంటుంది. పరీక్షలో కర్ర, గిన్నె, సరుకు, కొలత అన్నీ చూసేవాడి చేతిలో ఉండాలి. ఊళ్లో సీసా అమ్మేవాడు మీ కారును తానే నడిపి మైలేజీ చూపిస్తానంటే అది మొదటి రకం.

పనిచేయకపోతే పోయేదేముంది, ఒకసారి వేసి చూస్తే తప్పా?

తప్పే. నష్టం ఉంది కాబట్టి. నాఫ్తలీన్ పెట్రోలులో కరుగుతుంది, కానీ పెట్రోలు ఆరిపోయిన చోట మళ్లీ గట్టిపడుతుంది. ఆగి ఉన్న కారులో ఇంజెక్టర్ మూతి అలాంటి చోటే. పైగా బజారులో దొరికే తెల్ల ఉండల్లో కొన్నిటిలో నాఫ్తలీన్ ఉండదు, పారాడైక్లోరోబెంజీన్ ఉంటుంది. అందులో క్లోరిన్ ఉంది. అది కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది, ఇంజను లోపలి లోహానికీ కేటలిటిక్ కన్వర్టర్‌కూ అది హాని. ఉండ చూడగానే ఏ రకమో చెప్పడం కష్టం. ఎసిటోన్, థిన్నర్ రబ్బరు సీళ్లను ఉబ్బిస్తాయి, మెత్తబరుస్తాయి. సీలు కారితే పక్కనే వేడి ఇంజను ఉంటుంది, నిప్పు ప్రమాదం. కిరోసిన్ కలిపితే నాకింగ్‌ను తట్టుకునే గుణం, అంటే ఆక్టేన్, పడిపోయి నాకింగ్ వస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్6 కార్ల సెన్సర్లు, కన్వర్టర్లు ఇలాంటి కల్తీని అసలు ఓర్చుకోవు, వారంటీ నిబంధనలూ ఓర్చుకోవు. కొత్త డీజిలు బండ్లలో పంపు పీడనం వెయ్యి బార్లను దాటి ఉంటుంది, డీజిలే దానికి కందెన. అందులో కిరోసిన్ పోస్తే కందెన తగ్గి పంపు అరుగుతుంది.

నీళ్లలోంచి హైడ్రోజన్ తీసి ఇంజనుకిచ్చే కిట్ల సంగతి?

నీటిని విడగొట్టడానికి కరెంటు కావాలి. ఆ కరెంటు ఆల్టర్నేటర్ ఇస్తుంది, ఆల్టర్నేటర్‌ను ఇంజను తిప్పుతుంది, ఇంజనును పెట్రోలు తిప్పుతుంది. ఆల్టర్నేటర్‌లో సగానికి దగ్గరగా, నీటిని విడగొట్టడంలో మరో మూడో వంతు పోతుంది. వచ్చిన హైడ్రోజన్ మళ్లీ అదే ఇంజన్లో కాలి పావు వంతో, అంతకు కాస్త పైనో పని చేస్తుంది. పది రూపాయల పని పెట్టుబడి పెడితే తిరిగొచ్చేది ఒక రూపాయి. మిగిలిన తొమ్మిది రూపాయలు పెట్రోలు ఖాతాలోంచే పోతాయి.

ఊళ్లో ఇంధనం చేయడం అసలు కుదరదా?

కుదురుతుంది, మనవాళ్లు చేశారు కూడా. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని చల్‌బర్ది పల్లెలో కానుగ నూనెతో జనరేటర్ నడిపి దీపాలు వెలిగించారు. అదే జిల్లా పవర్‌గూడలో మహిళా సంఘం కానుగ మొక్కలు పెంచి, గింజల నూనె పట్టింది. డీజిలు బదులు ఆ నూనె వాడితే ఎంత బొగ్గుపులుసు వాయువు తగ్గుతుందో లెక్కగట్టి, 2003లో 147 టన్నుల మేర తగ్గింపును ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మింది. ఇందులో మాయ లేదు. ఒక చుక్క వేస్తే పది చుక్కలు అవుతాయని వాళ్లు చెప్పలేదు. ఒక లీటరు డీజిలు బదులు ఇంకో రకం ఇంధనం పోశారు, దానికి చెట్టు, గింజ, గానుగ, శ్రమ లెక్కలో ఉన్నాయి.

బంకుల్లో అమ్మే మందులు, ప్రీమియం పెట్రోలు?

కంపెనీలు పెట్రోలులో కలిపే డిటర్జెంట్లు నిజంగానే పనిచేస్తాయి, కానీ వాటి పని శుభ్రం చేయడం. ఇంజెక్టర్ల మీద మురికి పేరుకుని మైలేజీ పడిపోయి ఉంటే, అది పాత స్థాయికి తిరిగి రావచ్చు. శుభ్రంగా ఉన్న ఇంజను ఇంకా శుభ్రం కాదు. ఎక్కువ ఆక్టేన్ ఉన్న పెట్రోలు కూడా, అది కావాలని కంపెనీ చెప్పిన ఇంజనుకే పనికొస్తుంది. మీ కారు పుస్తకంలో 91 చాలని ఉంటే దానికి పైన పెట్టిన డబ్బు మైలేజీగా తిరిగి రాదు.

మరి కిలోమీటరు ఎక్కడ దొరుకుతుంది?

ముందు బంకు మీటరు సరిగ్గా ఉందో చూడండి. ఏ బంకులోనైనా ఐదు లీటర్ల ముద్ర కొలతలో పోసి చూపించమని అడిగే హక్కు మీకుంది. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల దాకా అటూఇటూ తేడాను చట్టం ఒప్పుకుంటుంది, అంతకు మించితే ఫిర్యాదు చేయొచ్చు. కల్తీ అనుమానం ఉంటే ఫిల్టర్ పేపరు అడిగి ఒక చుక్క వేయండి. శుభ్రమైన పెట్రోలు రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోతుంది. బంకులో రాసిన డెన్సిటీతో పోల్చి చూపించమనీ అడగవచ్చు.

తర్వాత కారు సంగతి. పదిహేను రోజులకోసారి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డోరు దగ్గర రాసి ఉన్నంత గాలి కొట్టించండి. ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు చెప్పిన గడువుకు మార్పించండి. డిక్కీలో నెలలుగా తిరుగుతున్న సామాను దించండి. కేంద్ర ప్రభుత్వ పెట్రోలియం సంరక్షణ సంస్థ పీసీఆర్ఏ కొన్ని దశాబ్దాలుగా చెబుతున్న సలహా గంటకు 45-55 కిలోమీటర్ల వేగం. కిరాయి మీద సమయానికి చేరాల్సిన డ్రైవరుకు అది కుదరని రోజులుంటాయి. అయినా 90 నుంచి 75కు దిగడం కుదురుతుంది, అప్పుడు మిగిలే పెట్రోలును మీ పుస్తకమే చూపిస్తుంది.

ఇక తోటి డ్రైవరు "రెండు కిలోమీటర్లు పెరిగింది" అన్నప్పుడు అడగాల్సినవి మూడు. ఏమీ కలపకుండా ఎన్ని ట్యాంకులు లెక్క రాశావు? ఆ లెక్క ఎంత నుంచి ఎంత దాకా ఊగింది? మందు వేసిన ట్యాంకు ఏదో నడిపేటప్పుడు నీకు తెలుసా? మూడింటికీ సరైన జవాబు ఉండి, అప్పటికీ రెండు కిలోమీటర్లు మిగిలి ఉంటే ఆ సీసాను పుణె పంపించమనండి. జవాబు లేకపోతే ఆ ఉండలు బీరువాలో బట్టల మధ్య పెట్టించండి, పురుగులను తోలే పనైనా చేస్తాయి.